పని దొరికిన రోజు మానేసిన మాత్ర

ఈ ఉదయం సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు దిగగానే కాలువ పక్కనుంచి బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. గౌరమ్మత్త చీర ఎప్పుడూ ఆ వాసనే వేసేది. నా చిన్నప్పుడు ఆవిడ ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క గదిలో ఉండేది. చుట్టరికమేమీ లేదు, శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ నగరానికి వచ్చి ఇక్కడి వీధులు ఊడ్చే కుటుంబాలన్నీ ఒకరికొకరు అత్తలూ మామలే. అమ్మ పనికి వెళ్తే నన్ను కూర్చోబెట్టి చదివించింది ఆవిడే. తనకు అక్షరం ముక్క రాదు. అయినా బెంగాలీ పాఠంలో నేను ఒక్క వాక్యం దాటేస్తే చాలు, "ఓ ముక్క మింగేసినావే, మళ్లీ సదువు" అనేది. అంత చురుకైన బుర్రను తర్వాత నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఆవిడది బద్లీ పని. పర్మినెంటు మనిషి ఎవరైనా రాకపోతేనే ఆ రోజు చీపురు చేతికొస్తుంది. అందుకని రోజూ తెల్లారేసరికి హాజరు వేసే చోట నిలబడాలి. ఒక్కరోజు కనబడకపోతే మర్నాడు పని పంచే సర్దార్ వేరేవాళ్లను పిలుస్తాడు. ఆ బెంగతోనే మనిషి మెల్లగా మారిపోయింది. పొయ్యి మీద అన్నం మర్చిపోయేది, నా పాఠం వింటూ వింటూ ఎటో చూసేది. బద్ధకం పట్టిందన్నారు వాడలో. నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గులేకుండా.

నేను పదో తరగతిలో ఉండగా ఆవిడకు టీబీ అని తేలింది. ఆస్పత్రిలో మందులు ఊరికే ఇచ్చారు. రోజూ తప్పకుండా వేసుకోవాలని కార్డు మీద ఉన్నది చదివి చెప్పింది నేనే. రెండు నెలలైనా దగ్గు తగ్గకపోగా ఎక్కువైంది. బియ్యం డబ్బా వెనక చూద్దును కదా, సగం మాత్రలు అలాగే ఉన్నాయి! పని దొరికిన రోజు మానేసేదట, వేసుకుంటే కళ్లు తిరిగి చెత్తబండి తొయ్యలేనని. పని లేని రోజు వేసుకునేదట. ఆ రోజు కడుపులో ఏమీ ఉండదు కనక వాంతులు. నాకు ఒళ్లు మండిపోయింది. నీకు బుర్ర లేదా అని అరిచాను.

ఆవిడకు కోపం రాలేదు.

"బుర్ర ఉందే పిల్లా. పొద్దున పని దొరుకుతాదా నేదా అనే ఆలోచనే దాన్నంతా తినేస్తాది. ఇంక రేపు ఏటైపోతానో ఆలోచించడానికి ఏటి మిగుల్తాది సెప్పు?"

మళ్లీ మొదలుపెట్టిన మందులు పట్టలేదు. ఆ వానాకాలం దాటలేదు. చివరి రోజుల్లో కూడా తెల్లారగానే హాజరు వేళైపోతోందని లేచి కూర్చునేది. మా అమ్మ పట్టుకుని పడుకోబెట్టేది. ఇప్పుడు నా కింద కొంతమంది పని చేస్తారు. వాళ్లలో ఎవరైనా మందకొడిగా, మతిమరుపుగా కనబడితే ముందు తిన్నావా, ఇంట్లో ఎలా ఉందని అడుగుతాను. నాది మంచి మనసని వాళ్లంటారు. గౌరమ్మత్తతో నేనన్న మాట వాళ్లకు తెలియదు. తప్పయిందని చెప్పే ధైర్యం నాకు వచ్చేసరికి ఆవిడ లేదు.