యుద్ధనౌకలు కిరాయికిచ్చిన చిన్నాయన

పోయిన నెల మా చిన్నాయన పోయాడు. మెదక్‌లో టెంట్ హౌస్ నడిపిన మనిషి. దవాఖానలో పొద్దున చాయ్ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, కాసేపు పడుకుంటానని అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. చుట్టాలకు ఫోన్లు చేశాక, ఫోనులో ఆయన నడిపిన ఆట గ్రూపులో కూడా ఆ కబురు నేనే పెట్టాను. అక్కడ అందరికీ ఆయన కాక. దండాలు, దీపాలు, పూలు వరసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒక మహానుభావుడు ఇలా రాశాడు: "కాక ఆత్మకు శాంతి కలగాలె. అక్కా, మరి ఇగ పెద్ద ఓడల రూల్ తీసేస్తవా?"

అప్పటికి శవం ఇంకా ఇల్లు చేరలేదు.

దుఃఖంతో రాయాల్సిన నాలుగు మాటలు ఒళ్ళుమంటతో మొదలయ్యాయంటే కారణం ఇదే. ఆయన బతికుంటే నా మంటను తప్పుపట్టేవాడు కాదు. పనికిమాలిన వాళ్ళను పనికిమాలిన వాళ్ళనే అనేవాడు, అదీ వాళ్ళ ముందే.

ఆ ఆట ఏమిటో చెప్పాలి. అది రాసుకుంటూ ఆడే ఆట. కథ అంతరిక్షంలో జరుగుతుంది. గ్రూపులో చేరినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు నావికుడు, ఒకరు దొంగ, ఒకరు గ్రహాల మధ్య సరుకులు మోసే వ్యాపారి. నాది ఓడలో డాక్టరమ్మ పాత్ర. ఎవరి పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో వాళ్ళే రాయాలి. దానికి ఇంకొకరు జవాబు రాస్తే కథ ముందుకు జరుగుతుంది. తగవు వస్తే చిన్నాయన తీర్పు చెప్పేవాడు. ఫిజిక్సు డిగ్రీ మధ్యలో వదిలేసి శామియానాలు అద్దెకిచ్చుకునే మనిషికి ఈ పిచ్చి ఎట్లా పట్టిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పేకాట కంటే నయమని ఊరుకున్నారు.

మడతపెట్టిన శామియానా గుట్ట మీద కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడేవాడు. ఆయన చెప్పింది ఫోను రాసుకునేది. రాయడంలో అది దాని ఇష్టం వచ్చినట్టు చేసేది. 'యుద్ధనౌక' అని ఆయన ఎంత స్పష్టంగా పలికినా అది 'యుద్ధ నూక' అనే రాసేది. "శత్రువుల నూకలు మనల్ని చుట్టుముట్టినయ్" అని ఆయన నుంచి వచ్చిన గంభీరమైన ప్రకటన చదివి నేను బస్సులో పడీపడీ నవ్వాను. ఆయన దిద్దలేదు. "సమజైంది గద, ఇంకేంది?" అన్నాడు. చనిపోయిన రోజు గ్రూపులో ఒకడు "కాకకు నూకలు చెల్లినయ్" అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. తెలివి అనుకున్నాడు పాపం.

ఇక పెద్ద ఓడల సంగతి. మనోహరాబాద్‌లో ప్లాట్లు అమ్ముతూ, గ్రూపులో నన్ను అక్కా అని పిలిచే తమ్ముడు ఒకడున్నాడు. పైన నేను చెప్పిన మహానుభావుడు అతనే. అతని పాత్ర ఒంటరి వీరుడు. ఇల్లు లేదు, ఊరు లేదు, ఏ రాజ్యానికీ సైన్యానికీ చెందడు, ఎవరి మాటా వినడు. బాగానే ఉంది. కానీ ఆ ఒంటరి వీరుడికి సొంతంగా ఒక యుద్ధనౌక కావాలట. చిన్నా చితకా కాదు, ఒక కొస మెదక్‌లో ఉంటే ఇంకో కొస మనోహరాబాద్ స్టేషన్‌లో తేలేంత. అందులో వేలమంది సైనికులు. ఎవరూ లేనివాడి కోసం అంతమంది ఎందుకు పనిచేస్తారు, వాళ్ళకు తిండి ఎవరు పెడతారు అని అడిగితే, "అది బ్యాక్‌గ్రౌండ్‌ల ఉంటది కాకా" అనేవాడు. లేఅవుట్‌లో పార్కు ఎక్కడుందని అడిగినవాళ్ళకు కూడా ఇదే మాట చెబుతాడనుకుంటాను.

మొదట్లో చిన్నాయన ఒప్పుకున్నాడు. పోనీలే, చూద్దామన్నాడు. చూశాం. రేగోడ్‌లో ఒక టీచరమ్మ ఉంది. ఆమె గ్రూపులో చాలాకాలంగా ఒక చిన్న గని స్టేషన్ గురించి రాస్తూ ఉండేది. ఎక్కడో ఒక రాతి తునక మీద ఆ స్టేషన్, అందులో నీళ్ళమ్ముకుని బతికే ఒక ముసలామె, ఆమె దగ్గర అరువు పెట్టి ముఖం చాటేసే గనివాళ్ళు. పెద్ద కథేం కాదు. కానీ ఆ ముసలామె తిట్లు చదవడానికే పొద్దున ఫోను తెరిచేదాన్ని. మన వీరుడు తన ఓడలో అటుగా వచ్చి ఒక్క వాక్యం రాశాడు: "నా ఓడ ఒక్క దెబ్బకు స్టేషన్ బూడిదైంది." పక్కన నిప్పుల బొమ్మ.

టీచరమ్మ గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

చిన్నాయన శివ్వంపేటలో పెళ్ళికి కుర్చీలు దింపి, ఇంటికి రాకుండా అటునుంచి అటే డీసీఎం రేగోడ్‌కు తిప్పించాడు. నేనూ బండిలోనే ఉన్నాను. టీచరమ్మ బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"బిడ్డా, గాడు రాసింది కొట్టేస్త. నీ స్టేషన్ నీకే ఉంటది, మళ్ల రా" అన్నాడు.

"కొట్టేస్తె ఏమైతది కాకా? మళ్లొక్కడు గసోంటి ఓడనే ఏసుకొని వస్తడు. వాడు ఊదితె పోయేదాన్ని నేనెందుకు కట్టుకోవాలె? నాకు రాయబుద్ధి అయితలేదు."

ఆయన తిరిగి బండెక్కాడు. మెదక్ చేరాక దుకాణం ముందు బండి దిగి, వరుసగా పేర్చిన వంట దేగిసల వైపు చాలాసేపు చూశాడు. మరునాడు గ్రూపులో కొత్త రూలు వచ్చింది. ఏ యుద్ధనౌకా ఏ ఒక్క పాత్రకూ సొంతం కాదు. కావాలంటే గ్రూపు దగ్గర కిరాయికి తీసుకోవచ్చు. ఎక్కే మనుషులను, అంటే ఆ పాత్రలు రాసేవాళ్ళను, అడిగి ఒప్పించుకోవాలి. పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. కడిగి బోర్లించి ఇవ్వాలి.

టెంట్ హౌస్ సామాను తెచ్చుకున్నవాళ్ళకు ఈ మాట తెలుసు. పెళ్ళి ఎంత ఘనంగా చేసినా సరే, దేగిసలు అడుగంటిన బగారా అన్నంతో తిరిగి వస్తే మా చిన్నాయన దించుకునేవాడు కాదు. వచ్చినవాడు సర్పంచయినా కడిగి తెమ్మని నల్లా దగ్గరికి పంపేవాడు. ఆ పద్ధతినే అంతరిక్షానికి ఎక్కించాడు. ఓడ తిరిగి ఇచ్చేవాళ్ళు దాన్ని ఎట్లా కడిగారో రాయాలి. విరిగిందేమిటి, బాగుచేసిందెవరు, గాయపడ్డవాళ్ళు ఏ మంచం మీద ఉన్నారు, అన్నీ.

వీరులందరికీ నవ్వొచ్చింది. "యుద్ధనౌకకు సర్ఫ్ ఎంత పడ్తది కాకా?" అని ఎగతాళి చేశారు. ఆ నవ్వినవాళ్ళు ఏం రాశారో ఇప్పుడు ఒక్కరికీ గుర్తులేదు. కానీ కడుగుడు గురించి రాసినవి నాకు గుర్తున్నాయి. ఒకాయన తన కెప్టెన్ యుద్ధం గెలిచి వచ్చి, చనిపోయినవాళ్ళ మంచాల మీది దుప్పట్లు ఒక్కొక్కటే మడతపెట్టడం రాశాడు. మడతపెడుతూ ఎవరి దుప్పటి ఏదో గుర్తుపట్టలేక సిగ్గుపడతాడు. దాన్ని చదివి నేను నిజంగా ఏడ్చాను. చిన్నాయన మాత్రం "జర మంచిగనే కడిగిండు" అన్నాడు. అంతకు మించి ఎవరినీ మెచ్చుకోగా వినలేదు.

మనోహరాబాద్ తమ్ముడు ఒక ఆదివారం దుకాణానికే వచ్చాడు వాదించడానికి. న్యాయంగా చెప్పాలంటే అతని దగ్గర ఒక్క మంచి ప్రశ్న ఉంది.

"ఊహకు కిరాయి ఏంది కాకా? నా తలకాయల ఓడ ఉంటె నీదేం పోయింది?"

"నీ తలకాయల ఉంటె ఉండని. మస్తు పెద్దదే పెట్టుకో. నలుగురు కూసున్న తాన పెడ్తవా? అప్పుడు నలుగురిని అడుగు."

"ఫ్రీడం లేకపోతె గేమ్ ఎందుకు?"

"ఫ్రీడం అంటున్నవ్. గా రేగోడ్ పిల్లది ఏడికి పోయింది మరి?"

అతను ఫోను చూసుకున్నాడు. జవాబు తోచనప్పుడల్లా సైటు విజిట్ ఒకటి గుర్తొస్తుంది అతనికి.

దవాఖానలో చేరిన రోజు చిన్నాయన గ్రూపు అధికారం నా పేరుకు మార్చాడు. "బిడ్డా, నేను లేకుంటె వీళ్లు నిన్ను పరేషాన్ చేస్తరు. మెత్తగ మాట్లాడ్తరు. మెత్తగుంటె నమ్మకు" అన్నాడు. ఆయన కట్టిన లోకం అంతా ఇప్పుడు నా బొటనవేలి కింద ఉంది. ఒక్క రూలు తీసేస్తే చాలు, అందులో చిన్న బతుకు రాసుకునేవాళ్ళకు చోటుండదు. ఆ భయం దవాఖానలోనే మొదలైంది నాకు.

దినాల నాడు తమ్ముడు వచ్చాడు, తెల్ల బట్టల్లో. కడుపునిండా తిన్నాడు. తిని, నా పక్కకు వచ్చి, నిజంగానే మెత్తగా మొదలుపెట్టాడు.

"అక్కా, మేమంత మాట్లాడుకున్నం. కాకకు పెద్ద నివాళి ఇద్దామని. గ్రూపుల అన్నిటికన్న పెద్ద వార్‌షిప్‌కు కాక పేరే పెడ్తం."

"ఎవరిదా ఓడ?"

"పేరు కాకది. ఓనర్‌షిప్ నా క్యారెక్టర్ మీద ఉంటది."

బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి ఏది వద్దన్నాడో దానికే ఆయన పేరు పెట్టి, దాన్ని నివాళి అనడానికి ఎంత మందపాటి తోలు కావాలి! నా పక్కన ఒకామె విస్తరి మడుస్తూ ఉంది. రేగోడ్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన టీచరమ్మ. తలెత్తి అతన్ని చూసింది.

"ఈయననేనా అక్కా, మా స్టేషన్ కాలబెట్టింది?"

అతను నవ్వాడు. "అయ్యో మేడం, అది గేమ్ కద. ఇంక యాదికున్నదా?"

ఆమె విస్తరి తీసుకుని లేచింది. అప్పటిదాకా నాలో ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు. "రూల్ నేను తియ్య. ఓడ కావాలంటె కిరాయికి తీస్కో, మనుషులను అడిగి తీస్కో. చిన్నాయన పేరు మాత్రం నీ నోట్లకెల్లి రావద్దు" అన్నాను. పంక్తిలో అందరూ తినడం ఆపారు. మా పిన్ని కూడా. నాకేమీ సిగ్గనిపించలేదు.

సాయంత్రానికి అతను వేరే గ్రూపు పెట్టాడు. మా వాళ్ళలో సగానికి పైగా అటు నడిచారు. ఎంత గొప్పగా ఉందో చూడమని నన్ను కూడా చేర్చాడు. టీచరమ్మ మాత్రం మా గ్రూపుకు తిరిగి రాలేదు. వస్తుందని చెప్పుకుని నన్ను నేను మోసం చేసుకోను.

అక్కడ ఇప్పుడు అందరూ ఓనర్లే. మొదటి రోజంతా ఓడల బొమ్మలు పెట్టుకున్నారు, ఒకదాన్ని మించి ఒకటి. తర్వాత యుద్ధాలు ప్రకటించుకున్నారు. ఓడిపోయానని రాసేవాడు ఒక్కడూ లేడు. ఇంకొకడి ఓడలో సైనికుడిగా, వంటవాడిగా, కనీసం తలుపు తీసేవాడిగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. తర్వాత మాటలు తగ్గాయి. పోయిన ఆదివారం నేను అన్నం తింటుంటే ఆ గ్రూపులో తమ్ముడి సందేశం వచ్చింది.

"కమాండ్ డెక్ నుంచి మాట్లాడుతున్న. ఓడల ఎవలన్న ఉన్నరా?"

కాసేపటికి ఇంకొకటి.

"ఎవలన్న ఉన్నరా?"

దాన్ని చూసినవాళ్ళ పేర్లన్నీ కింద కనబడుతూనే ఉన్నాయి. జవాబు ఎవరూ రాయలేదు. నేనూ చూశాను. ఫోను పక్కకు జరిపి, అన్నంలో మజ్జిగ పోసుకున్నాను.