సీనియర్లు చెప్పిన ఇత్తడి

మా డిగ్రీ కాలేజీ ల్యాబులో నల్లరంగు పూసిన లోహపు ముక్కలు ఉండేవి. పైకి అన్నీ ఒకేలా కనిపించేవి. ముక్కను మరిగే నీళ్లలో వేడిచేసి చన్నీళ్లలో వేయాలి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి విశిష్టోష్ణం లెక్కగట్టాలి. ఒక్కో లోహానికి ఒక్కో అంకె కాబట్టి, ఆ అంకెను బట్టి ముక్క దేనిదో చెప్పాలి.

అది పుస్తకంలో పద్ధతి. జహీరాబాద్‌లో మేం నేర్చుకున్నది ఉల్టా లెక్క. ఏ నంబరు ముక్క ఏ లోహమో సీనియర్లు ముందే చెప్పేవారు. జవాబు కింద రాసుకుని, అక్కణ్నుంచి పైకి ఎక్కుతూ రీడింగులు పుట్టించేవాళ్లం. నీళ్లు మరిగేలోపే రికార్డు పూర్తయ్యేది. ఆ పద్ధతంటే నాకు ఎనలేని గౌరవం.

ప్రాక్టికల్ పరీక్షనాడు పరికరాలు చాలక ఇద్దరికి ఒక ముక్క ఇచ్చారు. నాకు జతపడింది ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే స్నేహితురాలు. తను నిరుడు ఇదే పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే చదువు బంద్ అని వాళ్ల నాన్న తేల్చేశాడు. మాకొచ్చింది మూడో నంబరు. సీనియర్ల మాట ప్రకారం అది ఇత్తడి. బతికిపోయామనుకున్నాను.

తను మాత్రం నిజంగానే కొలవడం మొదలుపెట్టింది. ఇనుము వచ్చింది. మళ్లీ కొలిచినా ఇనుమే. నాకు ఒళ్లు మండింది. నోరు మూసుకుని ఇత్తడి రాయమని పళ్లు కొరుకుతూ చెప్పాను.

"పోయినేడు గట్ల రాసే తప్పిన. ఈ రీడింగ్ యాడికెళ్లి వచ్చిందంటే నీళ్లు నమిలిన. ఈసారి కొలిసిందే రాస్త," అని రాసేసింది.

పక్క ఊరి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు మా కాగితం చూశాడు. ఏడాదంతా క్లాసు రాసిన రికార్డుల కట్ట ముందుంటే తిరగేశాడు. అందరూ మూడో నంబరు ఇత్తడి అంటుంటే మీదొక్కటే ఇనుమెట్లా అయిందని అడిగాడు. ఆమె కాగితంలో తన రీడింగుల మీద వేలు పెట్టి చూపించింది.

"సీనియర్లు ఇత్తడన్నరు సార్. నీళ్లు ఇనుమన్నయి."

మా గుట్టు రట్టయినట్టే. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. సారు బీరువా తెరిపించి, అయస్కాంతం తెచ్చి ముక్కకు తాకించాడు. టక్కున అతుక్కుంది.

అప్పుడు గానీ తను ఊపిరి వదల్లేదు. నేనైతే ఆమె భుజం పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. ఇత్తడి అని రాసిన నా రికార్డు కూడా ఆ కట్టలోనే ఉందని ఆ సంతోషంలో గుర్తే రాలేదు.