చూడని ఆఖరి రీలు

లేదమ్మా, ఆ గుర్రాల సినిమా ఆఖరు నేను చూడలేదు. ఆబిడ్స్‌లో మ్యాట్నీకి మా తాతయ్య తీసుకెళ్లాడు. ఆయన కాంపౌండరు. చేయి వణుకుతోందని డాక్టరుగారు ఆయన చేత ఇంజెక్షన్లు వేయించడం మానేసిన కొత్త.

తెర మీద ముసలి తుపాకీవాళ్లు, పట్టుబడ్డ నేస్తాన్ని విడిపించడానికి బయల్దేరారు. ఒకాయన చేయి వణికి తూటాలు కిందపడ్డాయి. హాలంతా గొల్లున నవ్వింది. తాతయ్య లేచాడు.

"అసలు లడాయి గిప్పుడే! ఏడికి పోతున్రు పెద్దాయనా?" అన్నాడు గేటుకీపరు.

"పిల్లకి ఆకలేస్తోందయ్యా."

నాకు ఆకలి లేదు. ఆయనెందుకు లేచాడో పెద్దయ్యాక తెలిసింది కానీ, ఆరోజు నాంపల్లి దాకా రిక్షాలో కుదురుగా కూర్చోలేక అడుగుతూనే ఉన్నాను.

"చెప్పు తాతయ్యా, ఆ చేత్తో ఆయన తుపాకీ పేల్చగలిగాడా?"