కునుకయ్య కూతురు

టైలరమ్మకు మోకాళ్ళ నొప్పులు. మేడమెట్లు ఎక్కాలంటేనే ఒకటికి రెండుసార్లు ఆలోచించే మనిషి ఈ ఏడు కొండ పరుగులో పేరిచ్చిందని తెలిసి వీధంతా ముక్కున వేలేసుకుంది. గెలుద్దామని కాదు, ఆఖర్న వద్దామని ఇచ్చింది. ఇదేం పిచ్చి అనుకునేముందు ఆ పరుగు పుట్టుపూర్వోత్తరాలు కాస్త వినాలి.

కొండమీద ఊరికంతటికీ నీళ్ళిచ్చే ట్యాంకు ఉంది. దాని పక్కనే వాల్వుకి ఒక ఇనప చక్రం. అది తిప్పితే కుళాయిల్లో నీళ్ళొస్తాయి. రోజూ తెల్లారకముందే కొండెక్కి ఆ చక్రం తిప్పడం టైలరమ్మ నాన్న ఉద్యోగం. ఒకరోజు పొద్దెక్కినా కుళాయిల్లో చుక్క రాలేదు. ఊళ్ళో మగాళ్ళంతా పోలోమని కొండమీదికి పరుగెత్తారు. ముందు చేరినవాడు చక్రం తిప్పి నీళ్ళు వదిలాడు. పేరంతా వీడికేనా అని రెండోవాడూ ఓ చెయ్యి వేశాడు, ఎటు తిప్పాలో తెలియక మూసేశాడు. మూడోవాడు తెరిచాడు. ఇలా వచ్చినవాడల్లా తిప్పడం, కింద బిందె పెట్టగానే నీళ్ళాగిపోవడం, ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టడం. సాయంత్రమైనా నీళ్ళు తెచ్చిన మొనగాడెవడో తేలలేదు. వచ్చే ఏడు మళ్ళీ పరుగెత్తి తేల్చుకుందాం అన్నారు. ఏటా అదే రోజున ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉన్నారు. పరుగు రోజున చక్రం తిరక్కుండా గొలుసేసి ఎర్రరంగు పూస్తారు. అరచెయ్యి ఎర్రగా లేకుండా దిగినవాడి పరుగు చెల్లదు.

ఆ మొదటిరోజు అందరికన్నా ఆఖర్న దిగినవాడు ఆయాసపడుతూనే మిగతావాళ్ళందర్నీ కడిగిపారేశాడట. ఆ తిట్లు జనానికి తెగ నచ్చాయి. అప్పట్నుంచీ గెలిచినవాడికి కప్పు, ఆఖరివాడికి మైకు. ఏం మాట్లాడినా ఎవరూ అడ్డుపడకూడదు, మాట ముగిసేదాకా ఎవరూ కదలకూడదు.

ఆ మైకు ఏళ్ళ తరబడి సెలూన్ బాబాయిదే. ఆఖర్న రావడంలో ఆయన్ని కొట్టినవాడు లేడు. మైకు అందగానే ఆయన ఎత్తుకునేది ఒకటే కథ. "ఊరి గొంతు ఎండుతుంటే మన వాల్వు మనిషి ముసుగుతన్ని పడుకున్నాడు. ఆయన గురకే మన పరుగుకి విజిల్." జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆ కథ పుణ్యమా అని టైలరమ్మ నాన్నకు కునుకయ్య అన్న పేరు స్థిరపడింది. బతికున్నన్నాళ్ళూ ఆయనా ముందువరసలో కూర్చుని నవ్వేవాడు. అది చూస్తే టైలరమ్మకు ఒళ్ళు మండిపోయేది.

ఎందుకంటే ఆ రోజు ఆయన నిద్రపోలేదు. ఆమెను పెంచిన మేనత్త చెప్పిన సంగతి ఇది. భార్యకు నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి చేతుల్లో కూతురుంది, భార్య లేదు. అప్పుడు ఏ మనిషికి నీళ్ళు గుర్తుంటాయి? ఆ సంగతి తెలిసినవాళ్ళు కొందరు పోయారు, కొందరు మరిచిపోయారు. నవ్వొచ్చే కథ ఉండగా ఏడుపొచ్చే కథ ఎవరిక్కావాలి, జనం సంగతి తెలిసిందేగా.

"నిజం ఎందుకు చెప్పవు నాన్నా?" అని ఎన్నిసార్లు అడిగినా, "ఆ పూట నీళ్ళు రాలేదు, అది నిజమేగా" అని దాటేసేవాడు. ఆయన పోయాక కథ ఆగుతుందేమో అనుకుంది. ఆగలేదు సరికదా, ఈ ఏడు పరుగుకు బ్యానరు కుట్టమని గుడ్డ తెచ్చిచ్చారు. దానిమీద మంచంలో గురకపెడుతున్న మనిషి బొమ్మ. టైలరమ్మ మిషను ఆపి, గుడ్డ మడిచి బల్లకింద పడేసి, తిన్నగా వెళ్ళి పేరిచ్చింది.

పరుగు రోజున కుర్రకారు ఎప్పుడో దిగిపోయారు. టైలరమ్మ పడుతూ లేస్తూ పైకి చేరింది. చక్రంమీద చెయ్యి వేసింది. నాన్న రోజూ పట్టుకున్న ఇనుమేగా అనిపించి చెయ్యి తీయబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగితే సెలూన్ బాబాయి బండమీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"పదండి బాబాయ్, పెద్దవారు. మీరు ముందు."

"నీ వెనకే వస్తాలేమ్మా. నాకేం తొందర?"

ఆమె చెప్పు తెగిందని ఆగింది. ఆయన నడుం పట్టేసిందని ఆగాడు. ఆమె నీళ్ళు తాగింది. ఆయన ఊరి అందం చూశాడు, ఎన్నడూ చూడనట్టు. నత్తలు నయం. పరుగు ముగిసే గీత కనబడే మలుపు దగ్గర ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇక టైలరమ్మ ఆపుకోలేకపోయింది.

"మా నాన్న నిద్రపోలేదు బాబాయ్. ఈసారి మైకు నాక్కావాలి. ఇన్నేళ్ళు ఆయన్ని నవ్వులపాలు చేసింది చాలదా మీకు?"

బాబాయి ఎర్రటి అరచెయ్యి చూసుకున్నాడు.

"ఆ కథ కట్టింది నేను కాదమ్మా. మీ నాన్న. నువ్వప్పుడు తప్పటడుగులు వేస్తున్నావు. గడ్డం గీయించుకోడానికి వచ్చి కూర్చున్నాడు. 'పరుగు రోజొస్తే ఊరంతా పిల్లని చూసి అయ్యో అంటోందిరా. పుట్టినరోజు వచ్చినప్పుడల్లా అయ్యో అనిపించుకుంటూ పెరగాలా నా కూతురు? నేను నిద్రపోయానని చెప్పెయ్, నవ్వనీ' అన్నాడు. ఒట్టు కూడా వేయించుకున్నాడు."

"మరి ఆయన పోయాక కూడా చెబుతున్నారుగా."

"ఎప్పుడు మానాలో చెప్పలేదమ్మా మీ నాన్న."

టైలరమ్మ దారి పక్కన కూలబడిపోయింది. చిన్నప్పటి పరుగు రోజులన్నీ గుర్తొచ్చాయి. నాన్న భుజాలమీద తను, చుట్టూ నవ్వే ముఖాలు. జాలిగా చూసిన ముఖం ఒక్కటి కూడా గుర్తురాలేదు. ఆ నవ్వులకి తను పళ్ళు నూరుకుంటూ గడిపిన ఏళ్ళు తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. బాబాయి ఆమె తలమీద చెయ్యి వేయబోయి, రంగంటుతుందని ఆగిపోయాడు. కిందికి నడిచి గీత దాటేశాడు. సెలూన్ బాబాయి ఆఖరు కాకపోవడమేమిటని జనం నోళ్ళు తెరిచారు.

కాసేపటికి టైలరమ్మ కుంటుకుంటూ వచ్చింది. మైకు చేతికిచ్చారు. ఏం చెప్పాలో ఎన్నాళ్ళుగానో నూరిపెట్టుకుంది, ఆ మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

"ఆ రోజు మా నాన్న నిద్రపోలేదు. నేను పుట్టాను, మా అమ్మ పోయింది. నన్ను చూసి మీరెవరూ జాలిపడకూడదని, నిద్రపోయానని ఆయనే చెప్పించాడు. మీరు నవ్వారు. నేను హాయిగా పెరిగాను." నాన్న కూర్చునే ముందువరసవైపు చూసింది. "ఇప్పుడు పెద్దదాన్నయ్యాను. ఇక ఆయన్ని లేపండి."