మిస్బా లేజర్లు

పిడుగురాళ్ల క్వారీలో పేలుడు జరిగినప్పుడల్లా వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. ఆ చప్పుళ్ల మధ్యే పెరిగిన మిస్బా ఈసారి మాత్రం ప్రతి అదురుకూ ఉలిక్కిపడుతోంది.

ఆమె బెంగళూరులో పరిశోధన చేస్తోంది. గోరంత చిప్పు మీద రెండు లేజర్లు, రంగులో వెంట్రుకవాసి తేడా. ఆ రెండు వెలుగులనూ ఒకచోట కలిపితే, వాటి తేడా నుంచి ఉపగ్రహాలకు కావలసిన రేడియో సిగ్నల్ పుడుతుంది. ఇన్నాళ్లూ పెద్ద పెట్టెలు చేస్తున్న పని అది. ల్యాబులో చిప్పు చక్కగా పనిచేసింది. రాకెట్ కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూడటానికి దాన్ని ఇప్పుడు వేరే చోటికి పంపారు. అక్కడికి మిస్బాను రానివ్వలేదు. "ఇంటికెళ్లి కాస్త నిద్రపో" అని గైడ్ విజయలక్ష్మి పంపేశారు.

నిద్ర ఎక్కడిది! గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి డాబా మీదికి తిరుగుతూనే ఉంది.

"ఏందే ఆ తిరుగుడు? కూచో కాసేపు" అంది తల్లి అబిదా.

"ఫోన్ రాలేదు గదమ్మీ."

"రాలేదంటే అంతా బాగున్నట్టే."

"బాగున్నా చెప్పాలి గదా!"

తండ్రి ఖాదర్ వలి లారీ మెకానిక్. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కూతురు అన్నం కెలుకుతుండటం చూశాడు. తన పళ్లెంలోని ముక్క తీసి ఆమెకు వేశాడు.

అప్పుడు మోగింది ఫోన్.

"లేజర్లకేం కాలేదు మిస్బా. వెలుగును బయటికి తెచ్చే గాజుపోగు ఊడిపోయింది. సిగ్నల్ లేదు" అన్నారు విజయలక్ష్మి.

ఆ పోగును అతికించింది మిస్బానే. కదలకూడదని బిగించి మరీ అతికించింది. కుదుపు వస్తే సాగడానికి చోటే ఇవ్వలేదు.

"రెండో చిప్పు ఉంది కదా మేడమ్, బయల్దేరుతున్నా."

"రేపు రావచ్చులే."

"రేపటిదాకా ఉండలేను."

"వచ్చి ఎన్నాళ్లయిందని!" అని కసురుతూనే అబిదా రొట్టెలు చుట్టి ఇచ్చింది. ఖాదర్ వలి బండి మీద బస్టాండులో దింపాడు.

"మొత్తం పోయిందా?"

"ఒకటి పోయింది అబ్బా."

"ఇంకోటి చెయ్యి. పో."

రెండో చిప్పుకు ఆమె పోగును కాస్త వదులుగా, చిన్న వంపుతో అతికించింది. ఈసారి పరీక్ష జరిగే గది బయట కూర్చోనిచ్చారు. కుదుపులు ఆగాక సిగ్నల్ ఉందని చెప్పగానే ముఖం చున్నీలో దాచుకుని ఏడ్చింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"నిలిచిందమ్మీ!"

"అల్లా దయ. ఇంక వచ్చి నాలుగు రోజులుండు."

"ఎక్కడమ్మీ, వచ్చే వారం వేడి పరీక్ష ఉంది."

"దానికి అంతదూరం ఎందుకే? మన రెంటచింతల ఎండకి పట్టుకురా."

మిస్బా నవ్వింది. నవ్వుతూనే లేచి, వరండాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.