ఉండి లేదనలేని మా అత్తమ్మ

సోమవారం పొద్దున కొత్తగూడెంలో కాలేజీకి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అత్తమ్మ పోయింది బిడ్డా, బస్సెక్కి రా" అన్నాడు. ఎప్పుడు, ఎట్లా అని నేను అడగలేదు. "మంగళవారం రేపే కదా నాన్నా?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మా మేనత్త మీకెవరికీ తెలిసి ఉండదు. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న చిన్న ఊళ్ళో మామతో కలిసి కౌలుకు మిరప వేసేది. పదో తరగతి వరకు చదివింది. పిల్లలు లేరు. వయసు యాభై కూడా నిండలేదు.

కల్లంలో కాయ ఎండిందో లేదో చూడటానికి అందరూ చేత్తో నలిపి చూస్తారు. ఆమె మాత్రం ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. "గింజ మోగాలె. మోగని కాయ ఒక్కటి లోపలికి పోయినా బస్తాకు బస్తా బూజు పడతది" అనేది. నా చదువు విషయంలోనూ అంతే. నేను ఏదైనా పెద్ద మాట వాడితే వదిలేది కాదు. "గదేందో నా మాటల్ల చెప్పు" అని పట్టుబట్టేది. చెప్పలేకపోతే, "అంటే నీగ్గూడ తెల్వదన్నట్టు" అని నవ్వేది. మాటల మీద నాకు ఇష్టం పుట్టింది పుస్తకాల దగ్గర కాదు, ఆ కల్లం దగ్గర, తొడిమలు తీస్తూ.

ఆమె కథ చెప్పాలంటే మా వైపు ఉన్న ఒక పట్టింపు గురించి చెప్పాలి. ఇంట్లో డబ్బు ఉండగా, అడిగినవాళ్ళకు లేదనకూడదు. ఉండి లేదంటే నిజంగానే లేకుండా పోతుందంటారు. ఖమ్మం మార్కెట్లో ఎవరి మిరప ఎప్పుడు కాంటా అయి అమ్ముడైందో ఊరందరికీ తెలుస్తుంది. రైతు తిరిగొచ్చేసరికి అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు. కొందరు అబద్ధమాడి తప్పించుకుంటారు. అత్తమ్మకు అబద్ధం చేతకాదు. మూడేళ్ళ కిందట మార్చిలో వచ్చిన డబ్బంతా చేబదుళ్ళకే ఇచ్చేసింది. తీసుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. జూన్ వచ్చేసరికి వాళ్ళకూ కౌళ్ళు, విత్తనాలు మీద పడ్డాయి. అత్తమ్మ కౌలు కట్టలేకపోయింది. మూడెకరాల్లో ఎకరం చేజారింది. ఆ ఎకరంలో వేరేవాళ్ళు నారు నాటుతున్న రోజు ఆమె అటువైపు గట్టు మీదుగా నడవకుండా చుట్టూ తిరిగి ఇంటికి వచ్చిందని మామ చెప్పాడు.

మరుసటి కోతల కాలంలో నేను సెలవుకు వెళ్ళినప్పుడు పరీక్షకు చదువుకుంటున్నాను. బి.కాం.లో మనీ మార్కెట్ ఫండ్ల పాఠం.

"పైకి చదువు. నా చెవులు ఖాళీగనే ఉన్నయి" అంది.

చదివాను. సర్కారు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఏడాది లోపు తీర్చేటట్టు అప్పు తీసుకుంటాయని, మనలాంటి చాలామంది డబ్బును ఒకచోట చేర్చి ఈ ఫండు వాళ్ళకు ఇస్తుందని చెప్పాను.

ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. "సర్కారుకు గూడ చేబదులు గావాల్నా?"

"అవ్ అత్తమ్మా."

"మరి ఎగ్గొడితే?"

"చాలా తక్కువ. అసలు ఎగ్గొట్టరని ఎవరూ రాసియ్యరు. విలువ ఒక్కోరోజు కొంచెం తగ్గొచ్చు కూడా. బ్యాంకులో ఊరికే పడి ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ వస్తుంది, అంతే."

"అంతే అంటున్నవంటే నమ్మొచ్చు. మూడు రూపాయల వడ్డీ ఇస్తనని మొన్నొకడొచ్చిండు. ఎక్కువ ఆశ చూపెట్టేటోడు ఎక్కువ రోజులు ఊళ్ళె ఉండడు." అప్పుడు అసలు ప్రశ్న అడిగింది. "పెట్టినంక ఆ పైసలు ఇంట్ల ఉన్నట్టా, లేనట్టా?"

"ఇంట్లో అయితే ఉండవు. కావాలంటే అడగాలి. పగలు మూడు గంటల లోపు అడిగితే మర్నాటికి వస్తాయి. శని ఆదివారాలు లెక్కలోకి రావు" అన్నాను.

"గట్లనా! అయితే లేదంటే అబద్ధం గాదు" అంది. ఆ క్షణం ఆమె ముఖం చూసి ఉంటే, ఎవరో తలమీది మోపు దించారనుకునేవారు.

వారం ఆలోచించింది. బ్యాంకుకు వెళ్ళి అడిగింది. కాగితాలన్నీ తనే ఇచ్చి, నామినీగా మామ పేరు రాయించింది. మిరప డబ్బు చేతికొచ్చిన రోజే అందులో పెట్టింది. జూన్‌లో తీసి కౌలు కట్టి, పోయిన ఎకరాన్ని మళ్ళీ తెచ్చుకుంది. "డబ్బుకు పని ఎప్పుడు పడతదో తెలిసినోళ్ళే దాన్ని దాయాలె" అని అప్పట్నుంచి పొదుపు సంఘం మీటింగుల్లో ఆడవాళ్ళకు చెప్పేది. ఏటీఎం కార్డు మాత్రం తీసుకోలేదు. కార్డు ఉంటే ఇంట్లో డబ్బు ఉన్నట్టేనట.

ఈ ఏడాది ఉగాదికి ముందు ఎదురింటి వదిన, ఊరందరికీ వదినే, చేబదులు అడగడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బోరు మోటారు కాలిపోయింది ఆమెది.

"ఇంట్ల లేదొదినా."

"లేదంటవేందే, మొన్ననే గదా కాంటా అయింది!"

"అయింది. ఇంట్లనైతే లేదు. పొయ్యి చూసుకో, బియ్యం డబ్బా గూడ చూడు."

"మరేం జేసినవ్?"

"సర్కారుకు చేబదులిచ్చిన."

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. "సర్కారు మనకియ్యాలె గాని, మనం సర్కారుకిచ్చుడేందే తల్లీ! మళ్ళెప్పుడిస్తదట?" అని వెళ్ళిపోయింది. కోపం లేదు ఆమెకు. అత్తమ్మే చాలాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. "నిజమే చెప్పిన గదనే కోడలా. మరి మనసుకెందుకు పట్టలేదు?" అంది.

ఇక ఆమె పోయే ముందటి శుక్రవారం సంగతి. నేను ఊళ్ళో లేను. మామ చెప్పిందే రాస్తున్నాను. ఆఖరి కోత కాయ కల్లంలో ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టింది. అప్పటికే ఆమెకు ఎడమ భుజం లాగుతోంది, చెమటలు పడుతున్నాయి. కూర్చోమంటే, "వాన మన కోసం ఆగుతదా?" అంటూ కాయ కుప్పచేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టేదాకా ఊరుకోలేదు. తర్వాత కల్లంలోనే కూలబడింది. భద్రాచలం దవాఖానాలో సూది వేశారు. నొప్పి తగ్గింది. "ఇది గుండెపోటు. ఖమ్మం తీసుకుపొండి, ఇయ్యాలే పోవాలె" అన్నాడు డాక్టరు. అప్పుడు ఆమె ఫోన్ తీసి ఫండులో ఉన్నదంతా వెనక్కి అడిగింది. నాలుగు దాటింది.

నాకు ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. "కోడలా, ఎప్పుడొస్తయే?"

"మూడు దాటింది కదా అత్తమ్మా. సోమవారం అడిగినట్టు లెక్క. మంగళవారం పడతాయి. ఎందుకు?"

"కొంచెం పని పడ్డది. అయితే మంగళారం పోతం."

ఎక్కడికని నేను అడగలేదు. లెక్క సరిగ్గా చెప్పానని మాత్రం అనుకున్నాను.

మామ బతిమాలాడు. అంబులెన్సుకు పైసలక్కర్లేదు, ఆపరేషన్ రేషన్ కార్డు మీద ఉచితంగా అవుతుందన్నాడు. "కార్డుల నా పేరు ఇంక ఎక్కలే. ఆడికి పోయినంక కాదంటే ఎవల కాళ్ళు పట్టుకుంటవ్?" అంది. ఎదురింట్లో అడిగొస్తానన్నాడు. అప్పుడు మాత్రం గట్టిగా చెయ్యి పట్టుకుందట. "నేను లేదన్న గడపకు నువ్వు పోయి చెయ్యి జాపుతవా? నెల గాలే. నా మీదొట్టు, పోవద్దు. నొప్పి గూడ తగ్గింది." తన ఇష్టంతోనే పోతున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వచ్చేసింది. శనివారం జావ తాగింది. ఆదివారం మంచం మీద కూర్చుని మామకు కాయ తొడిమలు ఎట్లా తీయాలో చెప్పిందట, ఆయనకేదో తెలియనట్టు. సోమవారం తెల్లవారాక లేపితే లేవలేదు.

ఫండు మాట తప్పలేదు. మంగళవారం డబ్బు పడింది. అప్పటికి మేం శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, అరుగు మీద కూర్చున్నాం. ఆమె ఫోన్ మోగితే తెర మీది సందేశాన్ని నాన్న చదివాడు. మామకు చూపించలేదు. ఆ ఫోన్ ఆమె వేలికి తప్ప తెరుచుకోదు.

నా నోట్సులో ఆ పాఠం తర్వాతి పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. అత్యవసరానికి కొంత డబ్బు వెంటనే అందేచోట విడిగా ఉంచుకోవాలని. పరీక్షకు రాదని మా మేడమ్ అన్నందుకు ఆ పేజీ నేను ఆమెకు చదివి వినిపించలేదు. చదివినా ఇంట్లో ఉంచుకునేదో లేదో తెలియదు. చదవలేదన్నది మాత్రం తెలుసు.

బ్యాంకులో పడిన డబ్బు మామకు రావాలంటే పంచాయతీ నుంచి మరణ పత్రం రావాలి. దానికి ఇంకో వారమన్నారు. పెద్దకర్మకు బియ్యం తేవాలి, వంటవాళ్ళకు బయానా ఇవ్వాలి. నాన్న తను ఇస్తానన్నాడు. మామ తల అడ్డంగా ఊపి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా ఎదురింటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"ఒదినా, చేబదులు గావాలె" అన్నాడు. అంతే.

వదిన లోపల అన్నం వారుస్తోంది. గంజి చేతులతోనే బయటికి వచ్చింది. ఆయన ముఖం చూసింది. "శుక్రారం అడగొద్దా అన్నా? మోటారు చెయ్యించుడు ఆపుకున్నోళ్ళం. దానికని జమజేసిన పైసలు ఇంట్లనే ఉండె" అంది. ఎంత అని అడగలేదు. చేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది.

మామ గడప ముందు చెప్పులు విడిచాడు. లోపలికి పోలేదు, వెనక్కి రాలేదు. తువ్వాలును రెండు చేతులా దోసిలిలా పట్టుకుని ఆ ఎండలో అట్లాగే నిలబడ్డాడు.