జ్యోతక్క రిలీవర్

నిన్న టీవీ సీరియల్లో కోడలి మొహం మారిపోయింది. కథలో ఎవ్వరికీ అనుమానం రాలేదు, ఆఖరికి కట్టుకున్న మొగుడికి కూడా! నాకు మాత్రం భిలాయి సెక్టర్ 7లో మా పక్కింటి జ్యోతక్క గుర్తొచ్చింది.

జ్యోతక్క హైదరాబాదులో సీరియల్ నటి. నా చిన్నప్పుడు ఓసారి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం వీధి వీధంతా ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని టీవీ ముందు చేరాం. తీరా చూస్తే అక్క పాత్రలో ఇంకెవరో ఏడుస్తున్నారు.

"ఇదేటే జ్యోతీ, నీ చీర ఎవత్తో కట్టేసుకుంది?" అంది వాళ్ళమ్మ.



స్టీలు ప్లాంటులో మా నాన్న షిఫ్టు దిగాలంటే ఆయన చోట పని అందుకునే రిలీవర్ రావాలి. అతను రాకపోతే నాన్నకి ఆ రాత్రి ఇల్లు లేదు. రిలీవర్ అన్నంత తియ్యటి మాట మా ఇంట్లో మరొకటి లేదు. అందుకే ఎగిరి గంతేశాను.

"అక్కా, నీ రిలీవర్ వచ్చేసింది! ఇంక హాయిగా ఇంట్లో ఉండొచ్చు!"

అమ్మ నా తొడ గిల్లింది. "నోర్ముయ్! ఏటే ఆ కూతలు?"

"దాన్ని తిట్టకు పిన్నీ, సరిగ్గానే చెప్పింది" అని అక్క నవ్వేసింది.

నేనన్నదాంట్లో తప్పేమిటని అమ్మతో ఏళ్ళ తరబడి వాదించాను. రిలీవర్ వచ్చినా నాన్న మర్నాడు మళ్ళీ డ్యూటీకెళ్ళేవాడు కదా. అక్కకి ఆ మర్నాడు లేదని నాకెవరు చెప్పారు?